కొరకరాని కొయ్యల్లాంటి తూటాలు: విసిగించే కేస్‌లను చేత్తో రీలోడ్ చేయడం ఎలా?

.22 హార్నెట్ అనే చిన్న రైఫిల్ తూటాని మళ్ళీ నింపడానికి, దాని కేస్ (కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టం) మూతి మీద బుల్లెట్ నిలబెట్టి ప్రెస్ హ్యాండిల్ లాగారు. చేతికి పెద్దగా ఏమీ తెలియలేదు. తీసి చూస్తే భుజం దగ్గర ఇత్తడి కాగితంలా మడత పడి ఉంది. రెండోది బాగానే వచ్చింది, మూడోది మళ్ళీ మడత పడింది. నేను మొదటిసారి హార్నెట్ పట్టుకున్నప్పుడు యాభై కేసుల్లో పదకొండు ఇలాగే పోయాయి. తప్పు ప్రెస్‌దేమో అనుకున్నాను, తర్వాత డైది (ప్రెస్‌లో కేస్‌ని ఆకారానికి తెచ్చే అచ్చు) అనుకున్నాను. నిజానికి నేను .308 రైఫిల్ తూటాని పట్టుకునే చేత్తోనే దీన్నీ పట్టుకున్నాను.

మొండి తూటాలన్నిటి కథా ఇదే. ప్రతి దానికీ ఒక బలహీనమైన చోటు ఉంటుంది. ఒకదానికి మూతి, ఒకదానికి మెడ, ఇంకొకదానికి అడుగు. అది ఎక్కడుందో కనిపెట్టి, ఆ ఒక్క దశలో పద్ధతి మార్చుకుంటే సగం విసుగు పోతుంది. ఆ చోటు తెలియకుండా బలం ఉపయోగిస్తే ఇత్తడీ పోతుంది, ఓపికా పోతుంది.

ఇది .38 స్పెషల్, .308 లాంటి నిదానమైన తూటాలు కొన్ని వందలైనా రీలోడ్ చేసినవాళ్ళ కోసం రాస్తున్నాను. డై ఎలా పనిచేస్తుంది, ప్రైమర్ (కేస్ అడుగున ఉండి మందుని అంటించే చిన్న టోపీ) ఎలా కూర్చోబెట్టాలి అన్నవి మళ్ళీ వివరంగా చెప్పను. పౌడర్ (తుపాకీ మందు) ఎంత పోయాలో కూడా ఇక్కడ ఉండదు. అది మీ బుల్లెట్‌కీ మీ పౌడర్‌కీ సరిపోయే అచ్చు మాన్యువల్‌లోనే చూడాలి, అందులోని కనిష్ఠ మోతాదు నుంచే మొదలుపెట్టాలి. చాలా దేశాల్లో తూటాలు రీలోడ్ చేయడానికి లైసెన్స్ కావాలి, కొన్ని చోట్ల అసలు అనుమతే లేదు. ఆ సంగతి తేల్చుకున్న తర్వాతే బల్ల ముందు కూర్చోండి.

ముందు బల్ల సర్దుకోండి

కళ్ళద్దాలు పెట్టుకోండి. బల్ల మీద ఒకే ఒక పౌడర్ డబ్బా ఉంచండి, మిగతావి అలమరలో పెట్టేయండి. ఫ్యాన్ ఆపండి. గాలి తగిలితే త్రాసు ఊగుతుంది, చిన్న తూటాల విషయంలో ఆ ఊపు చాలా ప్రమాదం. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి, ఎందుకంటే సీసం ధూళి కంటికి కనపడకుండా వేళ్ళకి అంటుకుని ఉంటుంది.

ఇక కేసుల్ని కంపెనీవారీగా విడగొట్టండి. అడుగున చెక్కిన గుర్తు చూసి ఒక్కో గుర్తుని ఒక్కో డబ్బాలో వేయండి. మామూలు తూటాలకి ఇది చేయకపోయినా నడిచిపోతుంది. మొండి తూటాలకి నడవదు. ఒక కంపెనీ ఇత్తడి మందంగా ఉంటుంది, ఇంకోదానిది పలచగా ఉంటుంది. ఒకే డై సెట్టింగ్‌తో రెండూ నడిపితే ఒకటి వదులవుతుంది, ఒకటి నలుగుతుంది.

విడగొట్టేటప్పుడే చిన్న టార్చ్‌తో ప్రతి కేస్ లోపలికీ చూడండి. అడుగున మధ్యలో ఒక్క రంధ్రం ఉంటే అది బాక్సర్ రకం, మనకి పనికొస్తుంది. పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తే బెర్డాన్ రకం. దాన్ని డైలో పెడితే ప్రైమర్ నెట్టే పిన్ను వంగుతుంది, లేదా విరుగుతుంది. 7.62×54ఆర్ మిలిటరీ తూటాల్లో ఇది మామూలే. 9 ఎం.ఎం. కేసుల్లో కొన్నిటికి లోపల గోడ మీద మెట్టులాంటిది ఉంటుంది. ఆ మెట్టు దగ్గర కేస్ తెగిపోయే అవకాశం ఉంది కాబట్టి అవి కనిపించగానే పక్కన పడేయండి.

.45 ఏసీపీ పిస్టల్ తూటా చేసేవాళ్ళకి ఇంకో తలనొప్పి. దీనికి ఎప్పుడూ పెద్ద ప్రైమరే ఉండేది, ఇప్పుడు చిన్న ప్రైమర్ పట్టే కేసులూ వస్తున్నాయి. పెద్ద ప్రైమర్ వ్యాసం 0.210 అంగుళాలు, చిన్నది 0.175. పైనుంచి చూస్తే కేసులు కవలపిల్లల్లా ఉంటాయి. చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్‌ని నొక్కితే నలుగుతుంది, పేలినా పేలవచ్చు. ప్రైమర్ లోపలికి వెళ్ళకుండా మొరాయిస్తే అక్కడే ఆగండి. మిలిటరీ .223, .308 కేసుల్లో గుంట అంచుని లోపలికి నొక్కి ప్రైమర్‌ని బిగించి ఉంచుతారు. పాత ప్రైమర్ తీశాక ఆ అంచుని స్వేజ్ పనిముట్టుతోనో రీమర్‌తోనో ఒకసారి సరిచేస్తే మళ్ళీ ఇబ్బంది ఉండదు.

మూతి పలచనివి: .22 హార్నెట్, .44-40

నన్నడిగితే హార్నెట్‌నే అన్నిటికన్నా మొండి తూటా అంటాను. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఇది 1930 ప్రాంతంలో మార్కెట్‌కి వచ్చింది. నల్ల తుపాకీ మందు కాలం నాటి పాత .22 డబ్ల్యూసీఎఫ్ కేస్ దీనికి తల్లి. ఆ పాత కేస్ పోలికలే దీనికీ వచ్చాయి: సన్నగా పొడుగ్గా ఉంటుంది, భుజం ఏటవాలుగా జారుతుంది, మెడ ఉల్లిపొరంత పలచన. పైనుంచి ఒత్తిడి పడితే దాన్ని ఆపే బలం ఆ భుజానికి లేదు.

పని ఇలా చేయండి.

మొదట కేస్ బయట లూబ్ (డైలో జారడానికి రాసే జిడ్డు) పలచగా రాయండి. ఎక్కువైతే డైలో ఇరుక్కున్న లూబ్ భుజం మీద గుంటలు పెడుతుంది. మెడ లోపల పొడి గ్రాఫైట్ గానీ మైకా గానీ చిన్న బ్రష్‌తో తాకించండి. ఎక్స్‌పాండర్ బాల్ (మెడని లోపలి నుంచి వెడల్పు చేసే గుండు) కీచుమని చప్పుడు చేస్తూ బయటికొస్తోందంటే అది మెడని లాగి పొడుగు చేస్తోందని అర్థం. ఆ చప్పుడు వినపడకూడదు.

అన్ని తూటాలూ ఒకే రైఫిల్‌లో కాల్చేవైతే మెడ మాత్రమే సైజ్ చేయండి, అంటే డైలో నొక్కి పాత కొలతకి తెండి. హార్నెట్ ఛాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే గూడు) అడుగున ఉన్న అంచు మీద ఆనుకుని నిలబడే తూటా. భుజం ఎక్కడున్నా అంచు దాన్ని పట్టుకుంటుంది. ప్రతిసారీ మొత్తం సైజ్ చేస్తే భుజం వెనక్కి పోతుంది, కాల్చినప్పుడు ముందుకొస్తుంది. అలా నాలుగైదుసార్లు వెనక్కీ ముందుకీ సాగాక ఇత్తడి అలసిపోయి చీలుతుంది.

ఎక్స్‌పాండర్ బాల్‌కి బదులు మూతి దగ్గర చిన్న మెట్టులా వెడల్పు చేసే రెండంచెల ఎక్స్‌పాండర్ డై దొరికితే తప్పక కొనుక్కోండి. హార్నెట్‌కి నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా బాగా పనికొచ్చింది అదే. బుల్లెట్ అడుగు ఆ మెట్టులో నిటారుగా కూర్చుంటుంది. ఒరిగిన బుల్లెట్టే మూతిని నలిపేది.

తర్వాత చాంఫర్ పనిముట్టుని (అంచు పదును తీసేది) మూతి లోపలి అంచుకి ఆనించి అర చుట్టు తిప్పండి, చాలు. గట్టిగా నాలుగు చుట్లు తిప్పితే పలచటి మూతి కత్తి అంచులా తయారై బుల్లెట్ జాకెట్‌ని గీరుతుంది, త్వరగా చీలిపోతుంది కూడా.

ఇప్పుడు సీటింగ్ డై, అంటే బుల్లెట్‌ని కేస్‌లోకి దింపేది. చాలామంది కేసులు నలిపేది ఇక్కడే. సీటింగ్ డైల లోపల చాలావాటికి క్రింప్ చేసే (మూతిని లోపలికి నొక్కి బుల్లెట్‌ని బిగించే) గట్టు ఉంటుంది. డైని మరీ కిందకి బిగిస్తే ఆ గట్టు మూతికి తగిలి, బుల్లెట్ దిగుతుండగానే మూతిని నొక్కేస్తుంది. మూతికి పోయే దారి లేక భుజం కూలిపోతుంది. అందుకని ఖాళీ కేస్‌ని ర్యామ్ (ప్రెస్‌లో కేస్‌ని పైకెత్తే కడ్డీ) మీద పైకి తీసుకెళ్ళి, డైని నెమ్మదిగా తిప్పుతూ గట్టు మూతికి తగిలిన చోట ఆపండి. అక్కడి నుంచి ఒక పూర్తి చుట్టు పైకి తిప్పి లాక్ చేయండి. హార్నెట్‌కి క్రింప్ అవసరం లేదు.

బుల్లెట్‌ని సగం దాకా దింపి, హ్యాండిల్ వెనక్కి తీసి, కేస్‌ని సగం చుట్టు తిప్పి, మిగతా సగం దింపండి. బుల్లెట్ ఒక పక్కకి ఒరగకుండా ఉంటుంది. హ్యాండిల్‌ని అరచేత్తో కాకుండా రెండు వేళ్ళతో లాగండి. మామూలు కంటే కొంచెం గట్టిగా అనిపించినా వెంటనే ఆగి చూడండి. ఆ తేడా వేళ్ళకి తెలుస్తుంది, అరచేతికి తెలియదు.

ఇంకో సంగతి. పాత హార్నెట్ రైఫిళ్ళలో కొన్నిటి బ్యారెల్ 0.223 అంగుళాల బుల్లెట్ కోసం చేసింది, కొత్తవాటిది 0.224. మీది పాతదైతే బ్యారెల్ కొలిపించి బుల్లెట్ కొనండి.

.44-40ది కూడా ఇదే జబ్బు, కాకపోతే అది క్రింప్ దగ్గర బయటపడుతుంది. 1873లో వించెస్టర్ లీవర్ రైఫిల్‌తో పాటు పుట్టింది. మూతి చాలా పలచన. గొట్టపు మ్యాగజీన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి స్ప్రింగ్ ఒత్తిడికి ఆనుకుని ఉంటాయి కాబట్టి బుల్లెట్ లోపలికి జారకుండా క్రింప్ చేయక తప్పదు. క్రింప్ చేయబోతే మూతి నలుగుతుంది.

దీనికి మందు రెండు పనుల్లో ఉంది. ఒకటి, కేసులన్నీ ఒకే పొడుగులో ఉండేలా మూతి కోసి ట్రిమ్ చేయండి. పొడుగు కేస్‌కి క్రింప్ ఎక్కువ పడుతుంది, పొట్టిదానికి అసలు పడదు. రెండు, బుల్లెట్ దింపడం ఒక విడతలో, క్రింప్ చేయడం ఇంకో విడతలో చేయండి. రెండూ ఒకేసారి చేస్తే బుల్లెట్ ఇంకా కదులుతుండగా మూతి దాని గాడిలో కరుచుకుంటుంది, కింద ఇత్తడి ఉబ్బిపోతుంది. ఉబ్బిన తూటా ఛాంబర్‌లోకి వెళ్ళదు. వెళ్ళినా బయటికి రాదు.

.44-40 బుల్లెట్ సైజుతో కూడా గొడవే. పాత కొలత 0.427 అంగుళాలు, ఈ కాలపు తుపాకులు కొన్ని 0.429 దాకా అడుగుతాయి. లావు బుల్లెట్ పెడితే మెడ ఉబ్బి, బిగుతు ఛాంబర్‌లో పట్టకపోవచ్చు. ఒక్క తూటా చేసి, ఛాంబర్‌లో పట్టించి చూశాకే మిగతావి చేయండి. దీని దాయాదులు .32-20, .38-40లకీ ఇదే పద్ధతి. .38-40 అన్న పేరు చూసి .38 బుల్లెట్ కొనేయకండి, దానికి కావాల్సింది 0.40 అంగుళాలది. నల్ల తుపాకీ మందు కాలపు అసలు పాత తుపాకీ మీ చేతిలో ఉంటే, ఈ కాలపు పౌడర్ వేసే ముందు తెలిసిన గన్‌స్మిత్‌కి తప్పక చూపించండి.

వాలుగా ఉండేది: .30 కార్బైన్

చూడ్డానికి పిస్టల్ తూటాలా తిన్నగా, అమాయకంగా ఉంటుంది. ఎం1 కార్బైన్ అనే అమెరికన్ సైనిక తుపాకీ కోసం 1941లో చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కార్బైన్లు 60 లక్షలకి పైగా తయారయ్యాయి. అందుకే ఈ తూటా ఇప్పటికీ నడుస్తోంది.

దీని కేస్ తిన్నగా ఉండదు. అడుగు నుంచి మూతికి వాలుగా సన్నబడుతుంది. కార్బైడ్ (చాలా గట్టి, నున్నటి లోహం) డై ఉంటే లూబ్ అక్కర్లేదని పిస్టల్ తూటాలకి అలవాటైపోతాం కదా, ఆ అలవాటుతో దీన్ని పెడితే గట్టిగా ఇరుక్కుంటుంది. వాలు కేస్ మీద డై ఒక్క చోట కాకుండా పొడుగునా రాసుకుంటుంది. కార్బైడ్ డై ఉన్నా లూబ్ వేయాల్సిందే.

రెండో చిక్కు పొడుగు. ఈ తూటా ఛాంబర్‌లో మూతి మీద ఆనుకుంటుంది. కాల్చిన ప్రతిసారీ సాగుతుంది, సైజ్ చేస్తే ఇంకా సాగుతుంది. 1.290 అంగుళాలు దాటితే బోల్ట్ పూర్తిగా మూసుకోకపోవచ్చు. మరీ పొట్టిగా కోసేస్తే తూటా లోపలికి జారి ఫైరింగ్ పిన్ దెబ్బ సరిగా తగలదు. కాబట్టి సైజ్ చేసిన తర్వాత కొలవండి. ముందు కొలిస్తే ఉపయోగం లేదు. పది తూటాల్లో ఒకటి కొలవడం కాదు, పదికి పదీ కొలవండి. విసుగే, ఒప్పుకుంటాను. నేను ఈ పని ఒక రోజు, లోడ్ చేయడం ఇంకో రోజు పెట్టుకుంటాను. రెండూ ఒకే రాత్రి చేయాలనుకుంటే ట్రిమ్ చేయడంలో తొందరపడతాం.

మూతి మీద ఆనుకునే తూటా కాబట్టి అంచుని లోపలికి మడిచే రోల్ క్రింప్ వేయకూడదు. బుల్లెట్ దిగడానికి మూతిని వెడల్పు చేసిన బెల్లింగ్ పోయేంత వరకు, మూతిని కాస్త సన్నం చేసే టేపర్ క్రింప్ తాకిస్తే చాలు.

మెడ పొట్టిది: .357 సిగ్

ఇది 1994 నాటిది. .40 ఎస్ అండ్ డబ్ల్యూ కేస్ మెడని సన్నం చేసి 9 ఎం.ఎం. బుల్లెట్ పట్టేలా చేశారు. పిస్టల్ తూటాకి సీసా ఆకారం వచ్చింది. మెడ పొడుగు 0.150 అంగుళాలు, అంటే 4 మిల్లీమీటర్లు కూడా లేదు. అంత చిన్న పట్టుతో బుల్లెట్ నిలబడాలి, పైగా పిస్టల్ స్లైడ్ దాన్ని ర్యాంప్ మీద ఢీకొట్టి లోపలికి తోస్తుంది. బుల్లెట్ లోపలికి జరిగితే కేస్‌లో చోటు తగ్గి ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. విసుగు కంటే భయపడాల్సిన తూటా ఇది.

సైజింగ్‌లో నేను పాటించేది ఇది: లూబ్ వేసి, ముందు .40 కార్బైడ్ డైలో కింది భాగం సరిచేసి, తర్వాత .357 సిగ్ డైలో మెడ, భుజం సరిచేస్తాను. రెండు విడతలైనా ఒక్కోటీ సులువుగా వెళ్తుంది. తర్వాత తుపాకీ నుంచి విప్పిన బ్యారెల్ ఛాంబర్‌లో గానీ కేస్ గేజ్‌లో (ఛాంబర్ కొలతతో చేసిన అచ్చు) గానీ వేసి చూస్తాను. .40 కేసుల నుంచి .357 సిగ్ తయారు చేసుకోవచ్చని కొందరు చెబుతారు. అలా చేసినవి పొడుగు తక్కువగా వస్తాయి, అసలే లేని మెడ ఇంకా తగ్గుతుంది. నేను చేయను, మీకూ చెప్పను.

బుల్లెట్ ఎంపిక దీనికి ప్రాణం. 9 ఎం.ఎం. బుల్లెట్లన్నీ దీనికి పనికిరావు. గుండ్రటి ముక్కు బుల్లెట్ పైభాగం తొందరగా సన్నబడుతుంది. సరైన పొడుగుకి దింపితే మెడ దగ్గర బుల్లెట్ పూర్తి లావు ఉండదు, మెడ గాలిని పట్టుకున్నట్టే. ముక్కు చదునుగా, నడుము పొడుగ్గా ఉన్నవి తీసుకోండి. మాన్యువల్‌లో ఈ తూటా పేరు కింద రాసిన బుల్లెట్టే వాడండి.

పట్టు చాలడం లేదని క్రింప్ గట్టిగా బిగిస్తే పట్టు ఇంకా తగ్గుతుంది. వినడానికి వింతగా ఉన్నా జరిగేది అదే. నొక్కు వదలగానే ఇత్తడి కొంచెం వెనక్కి విచ్చుకుంటుంది, నొక్కుకుపోయిన బుల్లెట్ మాత్రం అలాగే ఉండిపోతుంది. మధ్యలో సందు మిగులుతుంది. బుల్లెట్‌ని పట్టాల్సింది మెడ బిగుతే, క్రింప్ కాదు. బిగుతు తక్కువగా ఉంటే ఎక్స్‌పాండర్ లావు ఎక్కువేమో చూడండి.

ఒక్కో బ్యాచ్‌లో మొదటి ఐదు తూటాలకి ఈ పరీక్ష పెట్టండి. కాలిపర్‌తో మొత్తం పొడుగు కొలవండి. బుల్లెట్ ముక్కుని బల్ల అంచుకి ఆనించి, బొటనవేళ్ళతో బాగా నొక్కండి. మళ్ళీ కొలవండి. తగ్గిందా? ఆ బ్యాచ్ అక్కడే ఆపి, పుల్లర్‌తో బుల్లెట్లు తీసేయండి. అంగుళంలో ఒకటి రెండు వెయ్యో వంతుల తేడానే కదా అని సరిపెట్టుకోవద్దు.

చేతిలో కనపడనివి: .25 ఏసీపీ, .32 ఏసీపీ, .17 రెమింగ్టన్

.25 ఏసీపీ కేస్ పొడుగు 15.6 మిల్లీమీటర్లు. జాన్ బ్రౌనింగ్ చేసిన ఈ తూటా 1905 నుంచి ఉంది. షెల్ హోల్డర్‌లో (ప్రెస్ మీద కేస్ అడుగుని పట్టే భాగం) పెట్టేటప్పుడు వేలు డై కింద నలగకుండా చూసుకోవడమే మొదటి పని. బుల్లెట్లు పట్టుకోవడానికి ప్లాస్టిక్ కొసలున్న పట్టకారు వాడండి.

ఇక్కడ అసలు చిక్కు త్రాసు. పెద్ద రైఫిల్ తూటాలో 50 గ్రెయిన్లు పోసేటప్పుడు 0.1 గ్రెయిన్ తేడా వస్తే అది 0.2 శాతం, పట్టించుకోనక్కర్లేదు. ఒక గ్రెయిన్‌కి అటూఇటూగా పోసే తూటాలో అదే 0.1 గ్రెయిన్ తేడా దాదాపు పది శాతం. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములకి కాస్త తక్కువ. చాలా త్రాసుల ఖచ్చితత్వమే 0.1 గ్రెయిన్. కాబట్టి కూర్చున్న ప్రతిసారీ పరీక్ష బరువుతో త్రాసు సరిచూడండి. పెద్ద రోటర్ ఉన్న పౌడర్ మెజర్ ఇంత తక్కువ పోయలేదు, చిన్న రోటర్ వేయండి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే మెజర్ ఒక్కసారి తిప్పితే పడే పౌడర్‌ని, అంటే విసురుని, పదిసార్లు పోసి ఒకేసారి తూచి పదితో భాగించి సగటు చూడండి, ఆ తర్వాత ఒక్కోటీ విడిగా తూచండి. సగటు సరిపోయినంత మాత్రాన ప్రతి విసురూ సరిపోయినట్టు కాదు.

పౌడర్ పోసిన కేసుల్ని చెక్క ట్రేలో వరసగా నిలబెట్టి, బుల్లెట్ పెట్టే ముందు టార్చ్‌తో ఒక్కో దానిలోకీ చూడండి. ఒకటి ఎక్కువగా, ఒకటి ఖాళీగా కనిపిస్తే ఆ ట్రే మొత్తం పౌడర్ వెనక్కి పోసి మొదటి నుంచి చేయండి.

.32 ఏసీపీకి అడుగున చిన్న అంచు ఉంటుంది. బుల్లెట్ మరీ లోతుగా దింపితే మ్యాగజీన్‌లో తూటా వెనక్కీ ముందుకీ జారి, పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి దిగి ఇరుక్కుంటుంది. మాన్యువల్‌లో ఇచ్చిన పొడుగుకి తగ్గించవద్దు.

.17 రెమింగ్టన్ 1971 నాటిది. బుల్లెట్ వ్యాసం 0.172 అంగుళాలు. మామూలు గరాటు నుంచి పౌడర్ దిగదు. పొడుగు గింజల పౌడరైతే పుల్లలు అడ్డంగా పడి వంతెనలా నిలిచిపోతుంది. దిగిందనుకుని తర్వాతి కేస్‌కి వెళ్తే, ఇందులో తక్కువ, దానిలో ఎక్కువ పడతాయి. .17 కోసమే చేసిన సన్నటి గరాటు తీసుకుని, ప్రతిసారీ వేలితో రెండు తట్లు తట్టి, గరాటు ఎత్తి వెలుతురుకి పెట్టి చూడండి. చాంఫర్ పనిముట్టు కూడా ఈ సైజుది విడిగా కావాలి.

పూత ఉన్నది: 5.7×28

ఈ కేస్ మీద కంటికి సరిగా కనపడని పూత ఉంటుంది. కాల్చిన తర్వాత ఛాంబర్ నుంచి సులువుగా జారి రావడానికి అది వేస్తారు. మిగతా ఇత్తడితో కలిపి స్టీల్ పిన్నులతో తడి టంబ్లర్‌లో వేస్తే తళతళా మెరుస్తుంది, పూత మాత్రం పోతుంది. తర్వాత తుపాకీలో ఇరుక్కుంటుంది. బయట తడిగుడ్డతో తుడవడం చాలు, లూబ్‌ని కూడా అలాగే తుడిచేయండి. కాల్చినప్పుడు భుజం బాగా ముందుకి జరుగుతుంది కాబట్టి ప్రతిసారీ మొత్తం సైజ్ చేసి గేజ్‌లో చూడక తప్పదు. ఇంత శ్రమ పడి రెండు మూడుసార్లకి మించి వాడుకోలేకపోతే ఆశ్చర్యపోకండి.

అడుగు దగ్గర తెగేవి: .303 బ్రిటిష్, బెల్టెడ్ మాగ్నమ్‌లు

.303 బ్రిటిష్ 1888లో సైన్యంలోకి వచ్చింది. బురదలోనూ ధూళిలోనూ పనిచేయాలని సైనిక రైఫిళ్ళ ఛాంబర్లు వదులుగా చేశారు. కేస్ అంచు మీద ఆనుకుంటుంది, మిగతా ఒళ్ళంతా ఛాంబర్ గోడల దాకా సాగుతుంది. సాగేది అడుగుకి కాస్త పైన. మనం మొత్తం సైజ్ చేసి భుజం వెనక్కి నెడతాం, అది మళ్ళీ సాగుతుంది. రెండు మూడుసార్లకే అక్కడ తెగి, ముందు ముక్క ఛాంబర్‌లో ఉండిపోతుంది.

దీన్ని ముందే పట్టుకోవడానికి ఒక పేపర్ క్లిప్ చాలు. తిన్నగా చేసి, కొసని చిన్న కొక్కెంలా వంచి, మొనని అరగదీయండి. కేస్ లోపలికి దింపి, అడుగు నుంచి గోడ వెంట పైకి లాగండి. ఎక్కడైనా గాడిలో పడినట్టు టక్కుమని తగిలిందా, ఆ కేస్ అయిపోయినట్టే. బయట అదే చోట తళుక్కుమనే గీత కూడా కనపడవచ్చు. ఆ గీత రాకముందే కొక్కేనికి తెలుస్తుంది, అందుకే నాకు కొక్కెం మీదే నమ్మకం. బోల్ట్ రైఫిలైతే మెడ మాత్రమే సైజ్ చేస్తే ఈ కేసులు చాలా ఎక్కువ కాలం వస్తాయి.

1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్, 1962 నాటి 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్, 1963 నాటి .300 వించెస్టర్ మాగ్నమ్ లాంటి బెల్టెడ్ తూటాలకీ ఇదే రోగం. అడుగు పైన ఉన్న ఉబ్బెత్తు పట్టీ, అంటే బెల్ట్ మీద ఆనుకుంటాయి కదా అని డైని షెల్ హోల్డర్‌కి తగిలేదాకా బిగించి భుజాన్ని బాగా వెనక్కి నెట్టేస్తాం. అలా కాకుండా మీ రైఫిల్‌లో కాల్చిన కేస్ భుజాన్ని కంపారేటర్‌తో (కాలిపర్‌కి తగిలించే కొలత పనిముట్టు) కొలిచి, దానికి రెండు వెయ్యో వంతుల అంగుళం మాత్రమే వెనక్కి వెళ్ళేలా డైని సెట్ చేసుకోండి. ఒక్కో చుట్టులో పదో వంతు తిప్పుతూ, కొలుస్తూ వెళ్తే అరగంట పడుతుంది. మళ్ళీ మళ్ళీ చేయక్కర్లేదు.

డైలో కేస్ ఇరుక్కుంటే

ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. హ్యాండిల్ మీద ఊగవద్దు, సుత్తి తీయవద్దు. అంచు తెగి వస్తే పని ఇంకా కష్టం. ఇరుక్కున్న కేస్ తీసే కిట్ దొరుకుతుంది. పిన్ను కడ్డీని వీలైనంత పైకి విప్పి, ప్రైమర్ గుంట గుండా డ్రిల్ చేసి, మరలు కోసి, బోల్ట్ బిగించి నెమ్మదిగా లాగాలి. డ్రిల్ పెట్టే ముందు కేస్‌లో పాత ప్రైమర్ పూర్తిగా బయటికొచ్చిందో లేదో చూసుకోండి. ఖాళీ కేస్ మీద మాత్రమే ఇది చేయాలి. పౌడర్ పోసిన తూటా సీటింగ్ డైలో ఇరుక్కుంటే డ్రిల్ జోలికి పోకుండా, డైని ప్రెస్ నుంచి విప్పి తెలిసిన గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి.

డబ్బాలో పెట్టే ముందు

పూర్తయిన ప్రతి తూటానీ గేజ్‌లో గానీ, తుపాకీ నుంచి విప్పిన బ్యారెల్‌లో గానీ వేసి చూడండి. దాని బరువుతో అదే లోపలికి దిగాలి, తిప్పగానే అదే బయటికి జారాలి. డబ్బా మీద తూటా పేరు, బుల్లెట్, పౌడర్, ప్రైమర్, తేదీ, ఆ కేస్ ఎన్నోసారి వాడినది అన్నవి రాయండి.

.300 బ్లాక్‌అవుట్ చేసేవాళ్ళు ఇక్కడ ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. .223 కేస్ కోసి చేసే తూటా కాబట్టి అడుగు అదే, మ్యాగజీన్ కూడా అదే. కొన్ని బుల్లెట్లతో అది .223 ఛాంబర్‌లోకి కూడా వెళ్ళిపోతుంది. అక్కడ ట్రిగ్గర్ నొక్కితే తుపాకీ బద్దలవుతుంది, చేతిలో, ముఖం ముందు. వేరే రంగు డబ్బాలు, వేరే రంగు మ్యాగజీన్లు పెట్టుకోండి. ఈ రెండు తుపాకుల్ని ఒకే రోజు రేంజ్‌కి తీసుకెళ్ళడం నేను మానేశాను.

చివరగా పారేసే కేసులు. మూతి చీలినవి, కొక్కేనికి గాడి తగిలినవి, మెడ మడత పడినవి ఊరికే చెత్తబుట్టలో వేయకండి. నెల తర్వాత ఎలాగో తిరిగి మంచి డబ్బాలోకి వచ్చేస్తాయి. నాకు రెండుసార్లు అలా జరిగింది. ప్లైయర్‌తో ప్రతి దాని మూతినీ పూర్తిగా చదునుగా నొక్కి, ఆ తర్వాతే తుక్కు ఇత్తడి డబ్బాలో వేయండి.